బరంపురంలో వీధి బోర్డు నడపడం ఎలా: నగరపాలక వార్తలను తెలుగులో అందించే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

ఒడిశాలోని బరంపురంలో, మా వీధిలో రామమందిరం అరుగు పక్కన గోడకు ఒక నల్లబల్ల ఉంది. నగరపాలక సంస్థ వారి నోటీసులు, వీధికి సంబంధించిన కబుర్లు దాని మీద వారానికి రెండుసార్లు తెలుగులో రాస్తాం. అలాంటిది తమ వీధిలోనూ పెట్టుకోవాలంటే ఏం చేయాలని బరంపురంలోని ఇతర వార్డుల వారు, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు వారు తరచుగా అడుగుతున్నారు. విడివిడిగా చెబితే ఏదో ఒకటి మరిచిపోతున్నాను కనుక మొత్తం పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడేవారు మన దగ్గర ఎందరో ఉన్నారు. అయితే మాట్లాడగలిగిన వారందరూ ఒడియా చదవలేరు. ముఖ్యంగా అరవై దాటిన వారికి, పెళ్లి చేసుకుని శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కోడళ్లకు ఆ లిపి పట్టుబడదు. వారికి కావలసింది ఏ తేదీ లోపల, ఏ కౌంటరు దగ్గరికి, ఏ కాగితాలతో వెళ్లాలన్నది మాత్రమే. ఆ మూడూ లేని వార్త ఎంత చక్కగా రాసినా వారికి అక్కరకు రాదు.

1. మొదలుపెట్టే ముందు సమకూర్చుకోవలసినవి

బోర్డుకు చోటు ఎంచుకునేటప్పుడు జనం ఎక్కువగా నడిచే చోటు కంటే జనం కాసేపు నిలబడే చోటును చూడండి. కొళాయి దగ్గర, రేషన్ దుకాణం ముందు, గుడి అరుగు మీద మనుషులు ఆగుతారు. నాలుగు రోడ్ల కూడలిలో పెట్టిన బోర్డును మోటారు సైకిళ్ల మీద పోయేవారు చదవరు.

గోడ ఎవరిదైతే వారి అనుమతిని కాగితం మీద తీసుకోండి. నోటిమాట అనుమతి, ఆ ఇంట్లో పెద్దాయన పోయాక కొడుకుల దగ్గర చెల్లకపోవచ్చు.

మనుషులు ముగ్గురు ఉండాలి: ఒడియా బాగా చదవగలిగినవారు ఒకరు, తెలుగు దస్తూరి గుండ్రంగా ఉన్నవారు ఒకరు, ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక ఉన్నవారు ఒకరు. ముగ్గురూ ఒకే రాజకీయ పార్టీ వారు కాకుండా చూసుకోండి. ఒకే పార్టీ వారైతే రెండో నెలకల్లా దాన్ని ఆ పార్టీ బోర్డు అంటారు, సగం వీధి చదవడం మానేస్తుంది.

- నాలుగడుగుల నల్లబల్ల, వాన పడకుండా పైన రేకు
- ముద్దసుద్దలు, తడిగుడ్డ
- గట్టి అట్ట ఉన్న రిజిస్టరు ఒకటి
- నోటీసులను ఫొటో తీయడానికి ఒక ఫోను
- గోడ యజమాని సంతకం చేసిన అనుమతి పత్రం

2. ఏ పని ఎవరిదో ముందు తెలుసుకోండి

వీధిలో ఏ ఇబ్బంది వచ్చినా అందరూ కార్పొరేషన్‌నే తిడతారు. బోర్డు రాసేవారు కూడా అలాగే రాస్తే జనం పొరపాటు కౌంటరులో నిలబడి రోజుకూలి పోగొట్టుకుంటారు. అందుకే ఈ పట్టికను రిజిస్టరు మొదటి పేజీలో అంటించండి.

- మురుగు కాలువ, చెత్త, వీధి దీపం, హోల్డింగ్ ట్యాక్సు (ఇంటి పన్ను), జనన మరణ ధ్రువపత్రాలు: బరంపురం మహానగర నిగమ, అంటే మన నగరపాలక సంస్థ
- మంచినీటి కనెక్షను, నీటి బిల్లు: వాట్కో (నీటి సరఫరా సంస్థ)
- కరెంటు సరఫరా, మీటరు, బిల్లు: టాటా పవర్ వారి దక్షిణ ఒడిశా పంపిణీ సంస్థ
- భూమి రికార్డులు, పట్టా, కుల ఆదాయ ధ్రువపత్రాలు: తహసీల్దారు కార్యాలయం
- ఇంటి ప్లాను విషయంలో వినిపించే బరంపురం డెవలప్‌మెంట్ అథారిటీ నగరపాలక సంస్థకు మరో పేరు కాదు, అది వేరే సంస్థ

మరొక్క మాట. గంజాం జిల్లా కేంద్రం ఛత్రపురం, బరంపురం కాదు. సోమవారం ఉమ్మడి ఫిర్యాదుల విచారణ అని విని మన ఊళ్లో కలెక్టరు కోసం వెతికేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ వారం విచారణ ఏ ఊళ్లో జరుగుతుందో కనుక్కున్న తరువాతే బోర్డు మీద పెట్టండి.

3. వార్త ఎక్కడ దొరుకుతుంది

వారానికి రెండు రోజులు నగరపాలక కార్యాలయం నోటీసు బోర్డు ముందు నిలబడండి. కొత్త కాగితం పాతదాని మీద అంటించి ఉంటుంది, అందువల్ల అంచులు కూడా చూడాలి. తరువాత స్థానిక ఒడియా పత్రికల్లో టెండర్లు, ప్రకటనలు వచ్చే పేజీ చూడండి. మొదటి పేజీ కంటే మనకు పనికొచ్చేది అక్కడే ఎక్కువ.

మూడో దారి మనుషులు. కార్పొరేటరు, అంగన్‌వాడీ అమ్మ, ఆశా కార్యకర్త, చెత్త విషయం చూసే స్వచ్ఛసాథి, నీటి బిల్లులు చూసే జలసాథి, వీరందరికీ ఆఫీసు కబురు మనకంటే ముందే తెలుస్తుంది. అయితే వీరు నోటితో చెప్పినది జాడ మాత్రమే. దాని వెనుక ఉన్న కాగితం చూసేదాకా అది వార్త కాదు.

నగరంలో 42 వార్డులు ఉన్నాయి. నోటీసులో వార్డు సంఖ్య ఉంటే అది మనదేనా కాదా చూసుకోండి, ఎందుకంటే వార్డుల హద్దులు మారిన తరువాత కూడా కొందరి నోట పాత సంఖ్యే ఆడుతూ ఉంటుంది.

4. ఒడియా నోటీసును తెలుగులోకి తెచ్చేటప్పుడు

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు నిలుస్తాను. ఒడియాకూ తెలుగుకూ సంస్కృత పదాలు ఉమ్మడి ఆస్తి. ఆ ఉమ్మడితనమే మనల్ని పొరబెడుతుంది: మాట ఒకటే కనిపిస్తుంది, అర్థం వేరుగా ఉంటుంది.

మా బోర్డు పెట్టిన తొలి ఏడాది నేను చేసిన తప్పు చెబుతాను. ఒక నోటీసు మీద పెద్ద అక్షరాలతో ఉన్న మాటను చూసి, బోర్డు మీద కూడా 'విజ్ఞప్తి' అనే శీర్షిక పెట్టాను. మన తెలుగులో విజ్ఞప్తి అంటే మనవి. చదివినవారు, ఇదేదో కోరుతున్నారు, చేస్తే మంచిది, చేయకపోయినా పరవాలేదు అనుకున్నారు. ఒడియా నోటీసులో ఆ మాటకు అర్థం అధికారిక ప్రకటన. అభ్యంతరాలు ఇవ్వవలసిన గడువు దాటిపోయింది. మా వెనుక వీధి పిన్నిగారు బోర్డు ముందు నిలబడి, "ఏటి బాబూ, అడుగుతున్నారనుకున్నాం గానీ, కచ్చితంగా ఇయ్యాలని రాయలేదు కదా" అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ రోజు నుంచి ఈ కింది మాటలను రిజిస్టరులో రాసుకున్నాం.

- విజ్ఞప్తి: ప్రకటన. మనవి కాదు.
- ఆవేదన (ఒడియాలో 'ఆబేదన' అని పలుకుతారు): దరఖాస్తు. బాధ కాదు.
- ఆపత్తి: అభ్యంతరం. ఆపద కాదు.
- అభియోగ: ఫిర్యాదు. నేరం మోపడం అని రాయకండి.
- సూచన: సమాచారం. సమాచార హక్కును వారు సూచన అధికారం అంటారు. అది సలహా కాదు.
- ఉచ్ఛేద: ఆక్రమణల తొలగింపు, ఖాళీ చేయించడం. ఈ మాట కనిపిస్తే ఆ నోటీసును అన్నిటికంటే ముందు రాయండి, ఎవరి బడ్డీకొట్టో పోతుంది.
- ఉద్యమ: ప్రయత్నం. ఊరేగింపులు, ధర్నాలు అనుకోవద్దు.
- సంపృక్త విభాగ: సంబంధిత శాఖ.
- హితాధికారి: లబ్ధిదారు. అధికారి కాదు. ఒక పథకం కింద డబ్బు అందుకునే ముసలమ్మను అధికారి అని రాసేస్తాం, జాగ్రత్త.
- భత్తా: భృతి, పింఛను. మధుబాబు పింఛను (రాష్ట్ర ప్రభుత్వ పింఛను) తీసుకునేవారు కూడా 'భత్తా పడింది' అనే అంటారు.
- స్థగిత: వాయిదా. రద్దు వేరు, వాయిదా వేరు.
- చళిత మాస: ఈ నెల. ఆసంతా: రాబోయే.
- ఘటిక: గంట. 'అపరాహ్న 3 ఘటిక' అంటే మధ్యాహ్నం మూడు గంటలు; మన ఘడియలతో లెక్క వేయకూడదు.

అంకెలు ఒడియా లిపిలో ఉంటే వాటిని చూసి నేరుగా రాయవద్దు. ఒడియా చదివేవారితో తేదీని పైకి చదివించుకుని, విని రాసి, రాసినది మళ్లీ చదివి వినిపించండి. తేదీ పక్కన వారం తప్పకుండా రాయాలి. తేదీకీ వారానికీ పొత్తు కుదరకపోతే ఎక్కడో పొరపాటు ఉన్నట్టే, అది నోటీసులోనే ఉండవచ్చు కూడా. అప్పుడు ఆఫీసులో అడగకుండా రాయవద్దు.

5. బోర్డు మీద రాసే వరుస

ఆఫీసు భాష తెలుగులోకి వచ్చినా ఆఫీసు భాషగానే ఉండిపోతే లాభం లేదు. 'సర్వసాధారణ జనుల అవగతి నిమిత్తం తెలియజేయడమేమనగా' అని మొదలుపెడితే చదివేవారి కళ్లు రెండో పంక్తికి చేరవు. పని, గడువు, చోటు, కాగితాలు, రుసుము, ఆధారం, ఈ ఆరూ ఈ వరుసలోనే రావాలి. కింద ఇచ్చినది నమూనా మాత్రమే, నిజమైన నోటీసు కాదు:

*ఇంటి పన్ను కొత్త లెక్క మీద అభ్యంతరం ఉన్నవారు రాసి ఇవ్వాలి.*
*గడువు: ఈ నెల 18, గురువారం సాయంత్రం 5 గంటలు.*
*చోటు: నగరపాలక కార్యాలయం, పన్నుల విభాగం కౌంటరు.*
*తీసుకెళ్లవలసినవి: పాత రసీదు, కొత్త డిమాండు నోటీసు, ఆధార్ నకలు.*
*రుసుము: లేదు.*
*ఆధారం: నోటీసు సంఖ్య, తేదీ. చూసినవారు: ఇద్దరి పొడి అక్షరాలు.*

రుసుము లేకపోతే 'లేదు' అని తప్పకుండా రాయండి. ఆ ఒక్క మాట దళారుల చేతికి పోయే వంద రూపాయలను ఆపుతుంది.

అధికారిక విషయాలు బోర్డు పైభాగంలో, వీధి కబుర్లు కిందిభాగంలో ఉండాలి. మధ్యలో ఒక గీత గీయండి. చావు కబురు, రక్తం కావాలన్న కబురు, బడిలో చేరికల కబురు అన్నీ కిందికే వస్తాయి. రెండేళ్లకోసారి చైత్రంలో ఠాకురాణి యాత్ర (అమ్మవారి జాతర) జరిగేటప్పుడు మాత్రం ఈ పద్ధతిని కాస్త సడలించాలి. దేశిబెహరా వీధికి అమ్మవారు పుట్టింటికి వచ్చిన ఆ రోజుల్లో దారి మళ్లింపులు, కరెంటు నిలిపివేత, తాగునీటి ఏర్పాటు, తప్పిపోయిన పిల్లల కబురు, అన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఆ రోజులకు వేరే అట్ట ఒకటి పెట్టి రోజుకు రెండుసార్లు తుడిచి రాయండి.

6. రాసే ముందు సరిచూడటం

రాసినవారు తమ తప్పును తాము పట్టుకోలేరు. రెండో మనిషి ఫొటోలోని మూల నోటీసును చూస్తూ, తెలుగులో రాసుకున్నదాన్ని అక్షరం అక్షరం పోల్చాలి.

- తేదీ, వారం, సమయం కుదిరాయా?
- వార్డు సంఖ్య మనదేనా?
- కౌంటరు పేరు, ఆఫీసు పేరు సరైనవేనా?
- పై జాబితాలోని మోసపు మాటలు ఏవైనా దూరాయా?
- నోటీసు సంఖ్య రిజిస్టరులో ఎక్కిందా?

7. కాగితం దొరకనప్పుడు

కాలువ పని మంజూరైందని అందరూ అంటారు, ఎంతకు, ఎవరికి, ఎప్పటిలోగా అన్నది ఎవరూ చెప్పరు. అప్పుడు సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. ఒడిశాలో దీనికి 'ఎ' ఫారం నింపి, 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి, పౌర సమాచార అధికారికి ఇవ్వాలి. మీ గుర్తింపు కాగితం నకలు జతచేయండి. పేదరిక రేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు, ఆ కార్డు నకలు పెడితే చాలు.

ఈ దరఖాస్తు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఆ ప్రాంతపు అధికార భాషలో గానీ ఉండాలని చట్టం చెబుతుంది. మన దగ్గర అది ఒడియా. తెలుగులో రాసి ఇస్తే తిప్పి పంపవచ్చు. రాయలేనివారికి సహాయపడవలసిన బాధ్యత ఆ అధికారిదేనని కూడా అదే చట్టంలో ఉంది. ఈ మాట గట్టిగా, మర్యాదగా గుర్తుచేయండి.

ప్రశ్న ఎలా అడగాలన్నది ముఖ్యం. 'మా కాలువ ఎందుకు బాగుచేయడం లేదు' అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే కారణాలు చెప్పమనడం కాగితం అడగడం కాదు. 'మా వార్డులో ఫలానా వీధి కాలువకు సంబంధించిన పని ఉత్తర్వు, అంచనా పత్రం, కొలతల పుస్తకం నకళ్లు ఇవ్వండి' అని అడగండి. ఒక దరఖాస్తులో ఒక్క విషయమే ఉంచండి.

జవాబుకు గడువు 30 రోజులు. వేరే శాఖకు చెందినదైతే 5 రోజుల్లో అక్కడికి పంపాలి. జవాబు రాకపోయినా తృప్తిగా లేకపోయినా 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తరువాత 90 రోజుల్లో ఒడిశా సమాచార కమిషనుకు రెండో అప్పీలు. ఈ తేదీలన్నీ రిజిస్టరులో దరఖాస్తు ఇచ్చిన రోజే వేసి పెట్టుకోండి. అప్పీలు గడువు దాటిపోవడమే ఇందులో ఎక్కువమంది చేసే తప్పు.

8. అర్జీ తెలుగులో ఇవ్వవచ్చా

ఇవ్వవచ్చు. సమాచార హక్కు దరఖాస్తు వేరు, బాధ చెప్పుకునే అర్జీ వేరు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, కష్టం చెప్పుకునే అర్జీని కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఇచ్చుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. తెలుగు ఒడిశాలో వాడుకలో ఉన్న భాషే.

హక్కు ఉన్నదని పంతానికి పోయి తెలుగు కాగితం ఒక్కటే ఇస్తే అది చదివేవారి కోసం బల్ల మీద ఎదురుచూస్తూ ఉండిపోతుంది. తెలుగు అర్జీకి ఒడియా అనువాదం జతచేసి, రెండింటి మీదా సంతకాలు పెట్టించండి. సంతకం చేసేవారికి తాము దేనికి చేస్తున్నారో తెలియాలి కాబట్టి తెలుగు ప్రతి అవసరం. పని త్వరగా కదలాలి కాబట్టి ఒడియా ప్రతి అవసరం.

అర్జీ ఇచ్చినప్పుడు మీ దగ్గర ఉంచుకునే ప్రతి మీద ముద్ర, తేదీ, డైరీ సంఖ్య (ఆఫీసు రిజిస్టరులో ఆ అర్జీకి ఇచ్చే సంఖ్య) వేయించుకోండి. డైరీ సంఖ్య లేని అర్జీ గురించి తరువాత అడగడానికి ఆధారం ఉండదు. ఆ సంఖ్యను బోర్డు మీద కూడా రాయండి, వీధిలో ఎవరు ఆఫీసుకు వెళ్లినా దాని సంగతి అడిగి రాగలుగుతారు.

మూడు లక్షలు, అంతకుమించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణం చెబుతుంది. 2011 జనగణన నాటికి బరంపురం జనాభా 3,56,598. కాబట్టి మీ వార్డుకు కమిటీ ఉన్నదా, అది ఎప్పుడు కూర్చుంటుంది అని కార్పొరేటరును అడిగే హక్కు మీకు ఉంది. పర్లాకిమిడి వంటి చిన్న పురపాలికలకు ఈ అధికరణం వర్తించదు, అక్కడివారు నేరుగా కౌన్సిలరుకే అర్జీ పెట్టుకోవాలి.

9. రాయకూడనివి

లబ్ధిదారుల జాబితా దొరికితే దాన్ని అలాగే ఎక్కించకండి. పేరు పక్కన ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, ఫోను సంఖ్య ఉంటే మోసగాళ్లకు అదే చాలు. 'జాబితా వచ్చింది, ఫలానా చోట చూసుకోవచ్చు' అని రాస్తే సరిపోతుంది.

ఎవరు పన్ను బాకీ ఉన్నారో, ఎవరి మీద ఫిర్యాదు వచ్చిందో బోర్డు మీదకు రానివ్వకండి. పరువునష్టం భారతీయ న్యాయ సంహిత కింద నేరం. అంతకు మించి, ఒక్క ఇంటివారు అవమానపడితే ఆ ఇంటి చుట్టాలందరూ బోర్డుకు దూరమవుతారు.

ఇదే సమాచారాన్ని క్రమం తప్పకుండా అచ్చువేసి పంచాలనుకుంటే అది పత్రిక కిందికి రావచ్చు. 2023 నాటి పత్రికల నమోదు చట్టం 2024 మార్చి 1 నుంచి అమలులో ఉంది. ముందు ఒక వకీలును అడిగి, నమోదు అవసరమైతే చేయించుకుని, ఆ తరువాతే అచ్చుకు వెళ్లండి.

ఎన్నికల రోజుల్లో మరింత జాగ్రత్త కావాలి. గత నగరపాలక ఎన్నికలు 2022 మార్చిలో జరిగాయి, పాలకమండలి గడువు ఐదేళ్లు. ఎన్నికల ముందు ఓటర్ల జాబితా ముసాయిదా, వార్డుల రిజర్వేషన్ల ముసాయిదా వస్తాయి. వాటి మీద అభ్యంతరాలకు గడువు చాలా తక్కువగా ఉంటుంది. ఆ తేదీలు రాయండి, అభ్యర్థుల పేర్లు మాత్రం రాయవద్దు.

10. తప్పు దొర్లినప్పుడు

తప్పును తుడిచేసి పైన సరైనది రాసి ఊరుకోవద్దు. పాతది చదివి వెళ్లినవారు మళ్లీ వచ్చి చూడరు. 'సవరణ' అని పెద్దగా రాసి, నిన్న ఏం రాశామో, ఇప్పుడు ఏది సరైనదో రెండూ పెట్టండి. గడువుకు సంబంధించిన తప్పైతే బోర్డు చాలదు, ఒక మనిషి ఇంటింటికీ వెళ్లి చెప్పాలి. సవరణను కనీసం వారం రోజులు ఉంచండి.

వాట్సాప్ గుంపులో బోర్డు ఫొటో పెట్టేవారు పాత ఫొటోను తీసేయాలి, లేకపోతే నెల తరువాత అది ఎక్కడి నుంచో తిరిగి వచ్చి జనాన్ని ఆఫీసుకు పరుగెత్తిస్తుంది. ప్రతి ఫొటోలో రాసిన తేదీ కనిపించేలా బోర్డు కుడి మూలన తేదీ వేయండి.

11. వారం వారం చేయవలసిన పని

- సోమవారం, గురువారం: నోటీసు బోర్డు చూడటం, ఫొటోలు తీయడం
- అదే సాయంత్రం: తెలుగులోకి తేవడం, రెండో మనిషి సరిచూడటం
- మంగళవారం, శుక్రవారం తెల్లవారి, కొళాయి వచ్చే వేళకు ముందే: బోర్డు తుడిచి రాయడం
- శనివారం: డైరీ సంఖ్యలు ఉన్న అర్జీలు ఎంతవరకు వచ్చాయో కనుక్కోవడం
- నెలాఖరు: జవాబు గడువు దాటిన సమాచార హక్కు దరఖాస్తులకు అప్పీలు తయారుచేయడం

రాసేటప్పుడు ఎవరైనా వృద్ధులు వచ్చి నిలబడితే సుద్ద పక్కన పెట్టి, బోర్డు మీద ఉన్నదంతా ఒకసారి పైకి చదివి వినిపించండి. వారు ఎక్కడ 'అంటే?' అని అడుగుతారో ఆ పంక్తిని అక్కడికక్కడే తుడిచి మళ్లీ రాయండి.